బాపు చెవి, నా పానా

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ అలిగేది ఎవరంటే మా జీపే. పాత మహీంద్రా ఎంఎం 540. పుజో డీజిల్ ఇంజన్, ఫోర్ వీల్ డ్రైవ్. పొద్దంతా బాగానే తిరుగుతుంది. తెల్లారి సెల్ఫ్ కొడితే ఇంజన్ గిర్రున తిరుగుతుందే తప్ప స్టార్ట్ కాదు.

కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు జీపును పరిచయం చేయక్కర్లేదు. యుద్ధం కోసం అమెరికాలో పుట్టిన విల్లీస్ జీపును 1947లో మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. అక్కణ్నుంచి అది మన అడవి బాటలన్నీ చుట్టేసింది. కడెం అవతల మా అవ్వ పుట్టిన ఊరి బాట వానాకాలంలో అంతా బురదే. ఆ బాట కోసమే బాపు ఈ బండి కొన్నాడు.

ఇప్పుడు ఆయనకు 78 ఏళ్లు. చేతులు వణుకుతాయి, పానా పట్టలేడు. హైదరాబాద్ నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట: ‘‘తుక్కుకిచ్చేయ్ అన్నా’’. వాడి లెక్క వాడిది. 15 ఏళ్లు దాటిన కార్లు, జీపుల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి 5,000కు పెంచింది. దానికితోడు బండి చూసిన మెకానిక్, ‘‘పంపు ఇప్పాలె, ఇరవై వేల దాకా అయితది’’ అన్నాడు. బాపు ఏమీ అనలేదు. కుర్చీ తెచ్చుకుని జీపు పక్కన కూర్చున్నాడు.

‘‘పంపు జోలికి పోకు. ముందు పొగ చూడు’’ అన్నాడు.

డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు తెల్లపొగ వస్తే డీజిల్ చేరుతోంది కానీ కాలడం లేదని అర్థం. అప్పుడు ముందుగా హీటర్ ప్లగ్గులు చూడాలి. పొగే రాకపోతే డీజిలే చేరడం లేదు. మాకు పొగ రాలేదు.

ఫిల్టర్ మీది గాలి తీసే స్క్రూ కాస్త వదులుచేసి చేతిపంపు కొట్టాను. నురగ, బుడగలు! బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక బిగించాను. బండి స్టార్టయింది. అందరం సంబరపడ్డాం, బాపు తప్ప.

‘‘గాలి తీసినవ్. అది వచ్చే తొవ్వ మూయలే గదా!’’

అన్నట్టే మర్నాడు మళ్లీ అలక. ట్యాంకు నుంచి ఇంజన్ వైపు డీజిల్‌ను పంపు పీలుస్తుంది. ఆ పైపులో సన్నటి పగులున్నా డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. నేల మీద చుక్క కనబడదు. రాత్రి ఇంజన్ ఆగాక పైపులోని డీజిల్ వెనక్కి జారిపోతుంది.

బాపు చెప్పినట్టు శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి నేల మీద పెట్టి, కొత్త పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు కలిపి, గాలి తీసి రాత్రంతా ఉంచాను. తెల్లారి మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్! అంటే పంపు మంచిదే, దోషం వెనక పైపుదే. వెతికితే ఛాసిస్ దగ్గర క్లిప్పు కింద వెంట్రుకంత పగులు దొరికింది. కొత్త పైపు, రెండు క్లిప్పులు కలిపి రూ.200 దాటలేదు.

తర్వాత ఫోర్ వీల్ పరీక్ష. నాలుగు టైర్ల సైజు ఒకటేనని చూశాకే పొలం బురదలో లివర్ వేయనిచ్చాడు బాపు. ఎండిన తారురోడ్డు మీద వేస్తే మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరగలేక గేర్లు బిగుసుకుంటాయి, లివర్ రాదు. వస్తే సరి, రాకపోతే బలవంతం చేయకుండా తిన్నగా కొంచెం రివర్స్ పోవాలట.

ఆ పైఆదివారం అవ్వను కడెం అవతలికి తీసుకెళ్లాం. బాపు పక్క సీట్లో కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటూ కూర్చున్నాడు. నిద్రపోయాడనుకున్నా.

‘‘మూడో గేర్ల ఏదో కూస్తున్నది, ఇన్నవా?’’ అన్నాడు.

నాకు వినబడలేదు. బండి అమ్మే సంగతి తమ్ముడితో ఇంకా తేలలేదు. కానీ ఆ చప్పుడేదో నా చెవికి కూడా అందేదాకా ఎవరికీ ఇచ్చేది లేదని మాత్రం చెప్పేశాను.