తీరిక అనే సంపద

తీరిక అన్నది చిన్నమాట. ఉర్దూలో దానినే ఫుర్సత్ అంటాము. మన ఇండ్లలో, ముఖ్యంగా స్త్రీల నోట, ఈ రెండు మాటలూ 'లేదు' అన్న మాటతో జంటగానే వినిపిస్తాయి. పురాతన రోమకులు తమ లాటిన్ భాషలో తీరికకు 'ఓటియుమ్' అని పేరు పెట్టుకొన్నారు. పనికి, వ్యాపార వ్యవహారాలకు వారు వాడిన మాట 'నెగోటియుమ్'. తీరిక కానిది అని దాని అర్థం. మనము పని లేకపోవడాన్ని తీరిక అంటాము. వారు తీరిక లేకపోవడాన్ని పని అన్నారు. ఆ తీరికను అనుభవించడానికే రోమక ధనికులు సముద్రతీరాలలో సౌధాలు నిర్మించుకొన్నారు. వాటిని విల్లాలు అన్నారు. రెండువేల సంవత్సరాలు గడిచినా ఆ మాట మారలేదు. ఆ మోజూ తీరలేదు.

గత వేసవిలో అటువంటి ఒక విల్లాలో వారం రోజులు గడిపే అవకాశం నాకు కలిగినది. జర్మనీలో ఇంజనీరుగా స్థిరపడిన మా పెదనాన్నగారి కుమారుడు భాయిజాన్, ఇటలీ దక్షిణభాగాన అమాల్ఫీ తీరంలోని మినోరి అనే చిన్న ఊరిలో ఒక విల్లాను అద్దెకు తీసుకొని, నన్నూ మా అమ్మీనీ పిలిపించారు. ఆ వారపు అద్దె నా ఆరు నెలల జీతానికి తక్కువ కాదని తరువాత లెక్కకట్టుకొన్నాను. అమ్మీకి 62 ఏండ్లు. ముప్ఫై ఏండ్లు కుట్టుమిషను త్రొక్కి మమ్ములను చదివించిన మనిషి. ఆమె అంతవరకు చేసిన ప్రయాణాలన్నీ పెండ్లిండ్లకు, చావులకు, ఆసుపత్రులకు చేసినవే. ఊరక ఉండడం కోసం ఊరు విడిచి వెళ్ళడం ఆమెకు వింతగా తోచింది. "అక్కడ మనకేం పనిరా?" అని అడిగింది. నా వద్ద సమాధానం లేకపోయింది.

సలెర్నో పట్టణం దాటినది మొదలు ఒక వైపు కొండ, మరొక వైపు అగాధంలో సముద్రం. రెండు బస్సులు ఎదురుపడితే ఒకటి వెనుకకు తగ్గవలసినదే. పందొమ్మిదవ శతాబ్దంలో వేసిన ఆ బాట నేటి యాత్రికుల కార్లను మోయలేక, 2022 నుండి రద్దీ దినాలలో బయటివారి కార్లను నంబరు చివరి అంకె సరియా, బేసియా చూచి రోజు మార్చి రోజు అనుమతిస్తున్నారు. 1997లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. మా విల్లా కొండవాలున ఉన్నది. తెల్లని గోడలు, పూలపలకల నేల, ద్రాక్షపందిరి, దాని క్రింద పొడవైన బల్ల, ఎదుట అంతులేని నీలం. మనస్సు ఒక్క నిమిషం మూగపోయిన మాట నిజం.

అయితే ఆ నీలం కంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినవి ఇంటి చుట్టూ ఉన్న నిమ్మతోటలు. నిట్టనిలువు కొండను మెట్లు మెట్లుగా చెక్కి, సున్నం లేకుండా రాతిపై రాయి పేర్చి గోడలు కట్టి, ఆ మెట్లపై మట్టి నింపి చెట్లు పెంచారు. చెస్ట్‌నట్ కర్రల పందిళ్ళు వేసి, చలికాలంలో వాటిపై వలలు కప్పుతారు. అక్కడి నిమ్మకాయ మన నిమ్మకాయకు రెండు మూడింతలు. రెండు కొనలూ సాగి, పైచర్మం మందంగా ఉంటుంది. ఇటాలియన్ భాషలో దానిని 'లిమోనే' అంటారు. అరబ్బీలో లైమూన్, ఫార్సీలో లీమూ. మధ్యధరా తీరాలలో నిమ్మసేద్యం విస్తరించడానికి అరబ్బులే ముఖ్యకారకులని చరిత్ర చెబుతున్నది. పండుతోపాటు పేరు కూడా ఓడ ఎక్కినదన్నమాట.

మినోరి నుండి పొరుగూరు మయోరికి పోయే 'నిమ్మల బాట' మీదుగా ఒకనాడు నడిచాము. పూర్వం ఆ మెట్ల మీద స్త్రీలు 50 కిలోలకు పైబడిన నిమ్మల బరువును మోసుకొని రేవుకు దిగేవారట. వారిని 'ఫోర్మికెల్లె' అని పిలిచేవారు. చిన్న చీమలు అని అర్థం. అమ్మీకి ఈ సంగతి చెప్పాను. ఆమె ఆ మెట్ల వైపు చాలాసేపు చూచి, "పాపం, మోకాళ్ళు ఏమైపోయేవో!" అన్నది. పుస్తకాలలో ఆ శ్రమను గురించి చదివినవాడిని నేను. మోకాళ్ళు ఆమెకు జ్ఞాపకం వచ్చినవి. నేడు అనేక తోటలలో పని చేయడానికి యువకులు నిలవడం లేదు. గోడలను ఏటేటా సరిచేయకపోతే వానలకు కొండ జారుతుంది. 1954 అక్టోబరులో వచ్చిన వరదలో ఈ ప్రాంతంలో 300 మందికి పైగా మరణించారు. చూచేవారికి కనువిందైన ఆ కొండను నిలబెట్టి ఉంచినది చీమల వంటి మనుషుల చేతులే.

మినోరిలోనే క్రీస్తుశకం ఒకటవ శతాబ్దపు రోమక విల్లా ఒకటి ఉన్నది. 1932లో బయటపడినది. నడుమ తోట, నీటి కొలను, చుట్టూ కమానుల వసారా, విందుశాల. యజమాని ఎవరో తెలియదు. అటువంటి సౌధాలకు మన దేశమూ అలంకారాలు పంపినది. 79వ సంవత్సరంలో వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చిన పొంపేయీలో భారతీయ దంతపు బొమ్మ ఒకటి 1938లో దొరికినది. ఇప్పుడది నేపుల్స్ మ్యూజియంలో ఉన్నది. భారత, చీనా, అరేబియా దేశాల విలాసవస్తువులకై రోము నుండి ఏటా 10 కోట్ల సెస్టర్సులు తరలిపోతున్నవని పెద్ద ప్లినీ వాపోయాడు. ఆ ప్లినీ కూడా అదే విస్ఫోటనంలో, అదే అఖాతం ఒడ్డున కన్నుమూశాడు. మన కృష్ణా తీరంలో దొరికిన రోమక నాణేలు ఆ వ్యాపారానికి సాక్షులు. కాని దంతం చెక్కిన చేతికి, విందు వడ్డించిన బానిసకు ఓటియుమ్ దక్కినదా? సౌధం పునాదులు మిగిలాయి గాని వారి పేర్లు మిగలలేదు.

పైన కొండమీద రావెల్లో ఉన్నది. పదమూడవ శతాబ్దపు రూఫోలో వర్తకుల విల్లా ఉద్యానవనాన్ని 1880లో చూచి, జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ తన 'పార్సిఫాల్' నాటకంలోని మాయా ఉద్యానం ఇదేనని సంతోషించాడు. ఆ తోట అందమైనదే. అమ్మీకి మాత్రం అమాల్ఫీలోని కాగితపు మ్యూజియం ఎక్కువగా నచ్చినది. పాత మిల్లులో 1971లో ఏర్పడిన మ్యూజియం అది. నీటి బలంతో లేచిపడే కొయ్య సుత్తులు పాతగుడ్డలను దంచి గుజ్జు చేస్తాయి. ఆ గుజ్జే కాగితమవుతుంది. ఈ విద్య అమాల్ఫీ వర్తకులకు అరబ్బులతో కలిగిన సంబంధం వలన అబ్బినదంటారు. 1231లో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్, కాగితం మన్నదని భావించి, రాజపత్రాలను తోలుపైనే వ్రాయాలని శాసించాడు. కాగితం మాత్రం నిలిచినది. మా నాన్నగారు బ్రతికినంతకాలం పుస్తకాలకు బైండింగు చేశారు. అమ్మీ ఆ కాగితాన్ని వ్రేళ్ళతో తడిమి, "మీ అబ్బా చూచి ఉంటే రెండు రోజులు దీనిని గురించే మాట్లాడేవారు" అన్నది.

విల్లాలో మొదటి నాలుగు రోజులూ అమ్మీకి ఏమీ తోచలేదు. వేకువనే లేచి నమాజు ముగించుకొని, పనిమనిషి రాకముందే తన పక్కను తానే సర్దుకొనేది. ఆ పనిమనిషి మరొక దేశం నుండి పొట్టకోసం వచ్చిన నడివయస్సు స్త్రీ. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఒకరు ఒక కొన, మరొకరు మరొక కొన పట్టుకొని దుప్పట్లు మడిచేవారు. ఐదవనాడు మధ్యాహ్నం భాబీ పిల్లలను తీసుకొని సముద్రానికి వెళ్ళినది. నేను పందిరి క్రిందికి వచ్చేసరికి అమ్మీ కుర్చీలో కూర్చున్నది. చేతిలో సూది లేదు, ఒడిలో బియ్యపు చేట లేదు. సముద్రం వైపు చూస్తూ చూస్తూ పట్టపగలు నిద్రపోయినది. నా ఎరుకలో జ్వరం లేకుండా అమ్మీ పగటివేళ నిద్రించడం అదే మొదలు. ఈగ వాలకుండా చూస్తూ నేను ప్రక్కన కూర్చున్నాను. ఆ గంటసేపు ఆ విల్లాకు చెల్లించిన ధనం అధికమనిపించలేదు. ఒక గంట నిద్రకు ఆమె 62 ఏండ్లు ఆగి, సముద్రాలు దాటి రావలసి వచ్చినదే అన్న బాధ మాత్రం మిగిలినది.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు విదేశాలకు వెళ్ళి ఇటువంటి సౌధాలలో విడిది చేయవచ్చును. చేయండి, అందులో దోషం లేదు. ఆ తోట గోడను నిలబెట్టిన చేతులను మరువకండి. అంతకంటె ముందు, మీ ఇంటిలో ఎవరికి తీరిక లేదో గమనించండి. వారి పనిలో రోజుకు ఒక గంట మీరు పంచుకొంటే, ఆ గంటలో వారు నిద్రింతురో, చదువుకొందురో, ఊరకనే కూర్చుందురో, అది వారి ఇష్టం.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన విద్యార్థినులలో అనేకులు తరగతులు ముగియగానే ఇంటి చాకిరికి పరుగెత్తవలసినవారు. చదువుకొనే తీరిక వారికి ఇంటివద్ద దొరకదు. మన గ్రంథాలయాన్ని సాయంత్రం ఒక గంట అదనంగా, ఆదివారం ఉదయం మూడు గంటలు తెరచి ఉంచగలిగితే వారికి గొప్ప ఉపకారమవుతుంది. ఆదివారపు బాధ్యతను జీతం కోరకుండా వహించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.