పదకొండు చుట్లవాళ్లు, నూట ఎనిమిది చుట్లవాళ్లు

అజీజ్‌నగర్ దగ్గర చేవెళ్ల రోడ్డు వదిలి చిల్కూరు దారి పట్టగానే, గుడి కన్నా ముందు ఇంజినీరింగ్ కాలేజీలు పలకరిస్తాయి. విద్యాజ్యోతి రోడ్డు పక్కనే. కేజీ రెడ్డి కాలేజీ చిల్కూరులోనే. జోగినపల్లి బీఆర్ కాలేజీ కూడా ఈ మొయినాబాద్ మండలంలోదే. గండిపేట చెరువు అవతలి ఒడ్డున సీబీఐటీ, ఎంజీఐటీ. ఏటా ఇన్ని వేలమంది పట్టా చేతబట్టుకుని బయటికొచ్చే ఈ దారిలోనే ఉద్యోగాల దేవుడు కొలువై ఉన్నాడు.

చిల్కూరు బాలాజీ గుడిలో హుండీ లేదు. డబ్బు కట్టి ముందుకెళ్లే దర్శనమూ లేదు. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. లెక్క తప్పకుండా 108 గడులు అచ్చేసిన కార్డు ఉంటుంది. చుట్టు పూర్తయినప్పుడల్లా పెన్నుతో ఒక గడి కొట్టేయాలి. ఒకావిడ కార్డు అడిగి చూశాను. చెమటకు అట్ట మెత్తబడింది, సిరా పాకింది, 63 దగ్గర పెన్ను మొన దిగి చిల్లు పడింది. కొడుక్కి రెండేళ్ల తర్వాత ఉద్యోగం వచ్చిందట. వాడికి సెలవు దొరకలేదని మొక్కు తాను తీరుస్తోంది.

కార్డు చేతిలో ఉంటే కోరిక తీరినట్టు. లేకపోతే ఇంకా అడుగుతున్నట్టు. నేను వెళ్లిన శనివారం పొద్దున చూసిన కుర్రవాళ్లలో ఎక్కువమంది చేతుల్లో కార్డుల్లేవు. వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నారు. హైదరాబాద్ ఉద్యోగాల పరిస్థితి గురించి ఏ నివేదికా ఇంత సూటిగా చెప్పలేదు నాకు.

ఈ దేవుడికి వీసా బాలాజీ అని పేరొచ్చిన రోజులు వేరు. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం వచ్చిందీ ఆ ఏడాదే. అమీర్‌పేటలో నాలుగు నెలలు కోర్సు నేర్చుకుంటే ఇక్కడో అమెరికాలోనో ఏదో ఒక దారి దొరికేది. ఇప్పుడా రెండు దారులూ ఒక్కసారే ఇరుకయ్యాయి. కంపెనీల ద్వారా వచ్చే కొత్త హెచ్1బీ వీసాలు ఏడాదికి 85 వేలే. వాటి కోసం లాటరీ. పైగా 2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. ఇక్కడ చూస్తే, అదే ఏడాది జులైలో టీసీఎస్ దాదాపు 12 వేలమందిని తగ్గించుకుంటామంది. అంతకుముందే, ఆఫర్ లెటర్లు ఇచ్చి ఏడాదికి పైగా చేర్చుకోని పెద్ద కంపెనీలున్నాయి.

తొమ్మిదో చుట్టు ముగించి నీళ్లు తాగుతున్న ఒక పిల్లవాణ్ని, వీసా కోసమా బాబూ అని అడిగాను. "కాదు సార్, జాబ్," అన్నాడు. మహబూబ్‌నగర్ వైపు ఊరు. 2024లో బీటెక్ అయింది. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ మొదట ఫుల్‌స్టాక్, తర్వాత డేటా సైన్స్ నేర్చుకున్నాడు. ఇప్పుడు ఏఐ కోర్సులో చేరమంటున్నారట. "ఎక్స్‌పీరియన్స్ ఉందా అంటున్రు సార్. లేదంటే పెట్టుకోరు. పెట్టుకోకపోతే ఎక్స్‌పీరియన్స్ యాడికెళ్లి వస్తది?"

ఆ ప్రశ్నకు నగరం జవాబు చెప్పడం లేదు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలో కొత్త ఆఫీసులు తెరుస్తూనే ఉన్నారు. విదేశీ కంపెనీలు సొంత కేంద్రాలు పెడుతున్నాయి. కానీ వాటిలో చాలావాటికి కావలసింది నాలుగైదేళ్లు పనిచేసి వచ్చినవాళ్లు. కొత్తవాళ్లకు పని నేర్పే బరువు ఎవరూ ఎత్తుకోకపోతే ఆ నాలుగైదేళ్లు ఎక్కడ గడపాలి? ఈ సందులోనే దొంగ కన్సల్టెన్సీలు బతుకుతున్నాయి. లక్షా రెండు లక్షలు తీసుకుని లేని అనుభవానికి కాగితాలు పుట్టిస్తారు, బ్యాక్‌డోర్ ఉద్యోగం అంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడేది పిల్లవాడు. అలాంటివాళ్లకు కట్టడానికి మా నాన్న ఎకరం అమ్ముతానన్నాడు, వద్దన్నాను అని ఆ మహబూబ్‌నగర్ అబ్బాయి చెప్పినప్పుడు, ఇలాంటి నిజాయితీ ఉన్న మనిషిని పనిలో పెట్టుకోలేని వ్యవస్థ మీద కోపమొచ్చింది నాకు. తప్పు ఈ పిల్లల నైపుణ్యంలోనే ఉందని తేల్చేసే మాట నేనొప్పుకోను.

గుడి దాటి ఊళ్లోకి నడిచాను. మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల పొలాల్లో గులాబీ, చామంతి, ఆకుకూరలు. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తాయి. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ అడ్డుకట్ట వేసింది. చెరువులు బతకాలంటే అది అవసరమే. అయితే ఇక్కడి పిల్లలకు ఊళ్లో దొరికే పని పొలం, ఫామ్‌హౌస్ కాపలా, గుడి ముందు దుకాణం, అంతే. అందుకే చదువు మీద అంత ఆశ.

చామంతులు గంపకెత్తుతున్న ఒకామె మాట కలిపింది. కొడుకు బీటెక్ చేసి గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు కస్టమర్ సపోర్టులో ఉన్నాడు. "పొద్దుగాల వస్తడు సారూ, ఇన్ని పూలు తెంపి అప్పుడు పండుకుంటడు." బిడ్డ ఇంజినీరింగ్ మూడో ఏడు. "పిల్ల కంప్యూటర్ తీసుకుంది. మంచిదేనా?"

మంచిదే గానీ కాలేజీవాళ్లను రెండు సంగతులు అడగమన్నాను. పోయినేడు ఎంతమందికి ఆఫర్లొచ్చాయన్నది ఫ్లెక్సీ మీద రాస్తారు. వాళ్లలో ఎంతమంది నిజంగా చేరారు, ఏ జీతానికి చేరారు అన్నది కాగితం మీద చూపించమనాలి. నాలుగో ఏడు మొదలయ్యేలోపు ఏదైనా కంపెనీలో నిజమైన పని చేసే ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తారా అన్నది రెండోది. ఆమె చేయి తుడుచుకుని కొడుకును కేకేసింది, "అరేయ్, సారు చెప్పేది జర రాసుకో, సోమవారం ఫీజు కట్టనీకి పోయినప్పుడు అడుగుదాం."