మస్కా కొట్టని వెన్న

పనులు జరగాలని పెద్దవాళ్లను పొగిడితే మనవాళ్లు మస్కా కొట్టడం అంటారు. మస్కా అంటే వెన్నే. ఆ వెన్ననే అమ్ముకు బతికే సంస్థ ఒకటి, ఏలినవారికి మస్కా కొట్టకుండా వీధిలో నిలబడి నవ్వించింది. నాకు ఆ కథంటే ప్రాణం.

చుక్కల గౌను, నీలి జుట్టు అమూల్ పాపను ఎరగనివారుండరు. 1966లో అమూల్ వెన్న ప్రకటనల పని సిల్వెస్టర్ డకున్హా చేతికి వచ్చింది. పాప బొమ్మ గీసినవారు యూస్టేస్ ఫెర్నాండెజ్. మొదట్లో గుర్రప్పందేల మీద, ఊరి కబుర్ల మీద చమత్కారాలు. నెమ్మదిగా పాప రాజకీయాల్లోకీ నడిచింది. అందుకు దారి వేసింది అమూల్ సారథి వర్గీస్ కురియన్. ప్రకటన హోర్డింగు ఎక్కేముందు తన అనుమతి అడగనక్కర్లేదని డకున్హాకు స్వేచ్ఛ ఇచ్చేశారు. అసలు కీలకం అక్కడే ఉందని నా నమ్మకం. పది బల్లలు తిరిగి, పది సంతకాలు పడేసరికి ఏ హాస్యంలోనైనా ప్రాణం మిగలదు. వార్తా చల్లారిపోతుంది.

ఎమర్జెన్సీ రోజులు తలుచుకోండి. 1975 జూన్‌లో సెన్సారుకు నిరసనగా ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలేసింది. ఆ మరుసటి ఏడు ఊళ్ల మీద పడి మగవాళ్లను పట్టుకుపోయి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తున్నారు. అప్పుడు పాప పళ్లెంలో వెన్న పట్టుకుని హోర్డింగు మీదికొచ్చింది. నిర్బంధ స్టెరిలైజేషన్ మేం మొదట్నుంచీ చేస్తున్నదే అంది. ఆ ఇంగ్లీషు మాటకు క్రిములను చంపడమనీ, సంతానం కలగకుండా చేయడమనీ రెండర్థాలు. పాల డెయిరీ చెప్పింది మొదటిది. దారిన పోయేవాళ్లు విన్నది రెండోది. పింగళి సూరనను కన్న జాతికి శ్లేష బలమేమిటో వేరే చెప్పాలా? ఒక్క పద్యంలో రామకథనూ భారతకథనూ నడిపించాడాయన. ఇక్కడ ఒక్క మాట వెన్ననూ ప్రభుత్వాన్నీ మోసింది. తప్పు పట్టడానికి ఎక్కడా కొస దొరకదు.

ఆ పాప మన హైదరాబాదునూ వదల్లేదు. 2009లో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డప్పుడు ‘సత్యం శివం సుందరం’ సినిమా పేరును విరిచి ‘సత్యం శరమ్ స్కాండలమ్’ అంది. శరమ్ అంటే సిగ్గు. వేలమంది ఇంజనీర్లు రేపటి జీతం గురించి బెంగపడుతున్న వేళ ఆ మాట గుచ్చుకునే ఉంటుంది. అయినా అనడమే సరైనదని నేనంటాను. దగ్గరివాళ్ల తప్పు దగ్గర నాలుక మడిచేస్తే, దూరాన ఉన్నవాళ్ల మీద వేసిన చమత్కారానికి విలువ ఉండదు.

అమూల్ వెనక ఉన్నది గుజరాత్ పాడిరైతుల సహకార సంఘాలు. పొద్దున్నే కేంద్రంలో పాలు పోసి వచ్చే ఆ ఇళ్లవాళ్లు దానికి యజమానులు. పాప గొంతులో కోటలోని ఠీవి కాక రచ్చబండ మీది చనువు వినిపించడం అందుకేనేమో అనిపిస్తుంది నాకు.

ఈమధ్య పాప క్రికెట్ గెలుపులకీ కొత్త సినిమాలకీ చప్పట్లు కొడుతూనే ఎక్కువగా కనిపిస్తోంది నా కంటికి. అదీ ముద్దుగానే ఉంది. నాకు మాత్రం ఆ పళ్లెం పట్టుకున్న పాపను మళ్లీ చూడాలని ఉంది.