ఎర్ర మూత సిరంజి

ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. ఎర్ర మూతది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాకి, నారింజ రంగు మూతది 100 యూనిట్లుండే సీసాకి. నర్సింగులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదని అనను. చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

2009లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. 28 మంచాలకు ఇద్దరం. ఫ్రిజ్‌లో రెండు రకాల సీసాలూ ఒకే ట్రేలో ఉండేవి. సిరంజిలు మాత్రం స్టోరు నుంచి ఎర్ర మూతవే వచ్చేవి. ఆ రాత్రి ఒక పక్క కొత్త అడ్మిషన్, ఇంకో పక్క ఎవరికో సెలైన్ అయిపోయిందని కేకలు. ఏడో నంబరు పెద్దమ్మకి భోజనానికి ముందు 12 యూనిట్లు వెయ్యాలి. 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత సిరంజిలోకి 12 గీత దాకా లాగాను. ఆమె ఒంట్లోకి వెళ్లింది 30 యూనిట్లు.

తొమ్మిదిన్నరకి ఆమె చెమటతో తడిసిపోయింది. మాట తడబడుతోంది. షుగర్ 38. డెక్స్‌ట్రోజ్ ఎక్కించి, తెల్లారేదాకా మాటిమాటికీ వేలు పొడిచి చూస్తూ ఆ మంచం చుట్టూనే తిరిగాను. ట్రేలో పడున్న ఎర్ర మూత చూశాక గానీ ఏం చేశానో నాకు అర్థం కాలేదు.

పొద్దున్నే ఉన్నదున్నట్టు రాసి మేట్రన్‌కి ఇచ్చాను. మెమో వచ్చింది, మూడు రోజుల జీతం పోయింది. మెమోలో నిర్లక్ష్యం అన్న మాట ఉంది. ఒకే ట్రే సంగతి లేదు, మంచాల లెక్క లేదు. నా తప్పు లేదని చెప్పడానికి ఇది రాయడం లేదు. సీసా మీద అంకె చూడకుండా లాగింది నేనే. కానీ ఆ తర్వాత మా వార్డులో ఏ పొరపాటూ కాగితం మీదకి రాలేదు. బట్టలు మార్చుకునే గదిలో గుసగుసగా చెప్పుకునేవాళ్లం, అంతే. మే 12న నర్సుల దినోత్సవానికి ఓర్పు, త్యాగం అంటూ పూలిచ్చేవాళ్లు. ట్రే మాత్రం మారలేదు.

అమెరికాలో రడోండా వాట్ అనే నర్సు 2017లో మత్తుమందు బదులు కండరాలను స్తంభింపజేసే మందు ఇచ్చింది. రోగి చనిపోయింది. పొరపాటు తనదేనని ఆమే ఒప్పుకుంది. 2022లో కోర్టు ఆమెను నేరస్థురాలిగా తేల్చింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెద్దమ్మ వాళ్లకి ఏమీ చెప్పొద్దని నాకు గట్టిగా చెప్పారు. నేనూ చెప్పలేదు. ఇంటికెళ్లే రోజు ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఆ రాత్రి నువ్వు లేకపోతే పోయేదాన్ని తల్లీ" అంది. చూడ్డానికొచ్చిన వాళ్లెవరో తెచ్చిన బత్తాయిలు రెండు నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను.