మొదలూ చివరా లేని రంపం

పిల్లలూ, మీరు వడ్రంగి రంపాన్ని చూసే ఉంటారు. అది ఒక వైపు పోయేటప్పుడు కోస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఊరికే వస్తుంది. అంటే దాని రాకపోకల్లో సగం వృథా అన్నమాట. అట్లా కాకుండా, మొదలూ చివరా లేకుండా, ఎప్పుడూ ఒకే వైపుకు పోతూ ఉండే రంపం ఒకటి ఉన్నది. దాన్ని బ్యాండ్ సా అంటారు. నేను చూసినది కొయ్యను కాదు, ఇనుమును కోస్తుంది. దాన్ని చూడటానికి మొన్న వేసవి సెలవుల్లో నేనూ, ఏడో తరగతి చదివే మా మనవడూ నాచారం వెళ్ళాం.

మా ఇల్లు ఉప్పల్‌లో. అక్కడ మెట్రో రైలు ఎక్కితే మూడో స్టేషను హబ్సిగూడ. దారిలో ఎన్.జి.ఆర్.ఐ. పేరుతో ఒక స్టేషను వస్తుంది. భూమి లోపలి సంగతులను పరిశోధించటానికి 1961లో స్థాపించిన సంస్థ అది. హబ్సిగూడలో దిగి ఆటోలో మల్లాపూర్ పోయే రోడ్డు పట్టుకుంటే నాచారం వస్తుంది. ఎన్.టి. రామారావుగారు కట్టించిన రామకృష్ణా స్టూడియో ఈ నాచారంలోనిదే. అయితే మేము సినిమాల కోసం రాలేదు. పారిశ్రామికవాడలోకి మళ్ళగానే రోడ్డుకు రెండు వైపులా రేకుల షెడ్లు కనిపించాయి. ఒకప్పుడు ఇవి ఊరి చివర ఉండేవి. ఇప్పుడు వీటి చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. ఒక మేడ మీద చీరెలు ఆరుతుంటే, దాని పక్క షెడ్డులో లేతు మిషను తిరుగుతున్నది.

మేము వెళ్ళిన షెడ్డు చిన్నది. అందులో రంపం నడిపే ఆపరేటరు నా పాత శిష్యుడు. మమ్మల్ని చూడగానే నవ్వుతూ ఎదురొచ్చాడు. కాని గుమ్మం దగ్గరే ఆపేశాడు.

"సార్, ఏమనుకోకండి. మీ కండువా తీసి ఆ మేకుకు తగిలించండి. చొక్కా చేతులు పైకి మడవండి. బాబూ, నీ చేతికి వేలాడే ఆ దారం కూడా తియ్యాలె."

ముప్పయ్యయిదేళ్ళు పిల్లలకు ఆజ్ఞలు ఇచ్చినవాణ్ణి. శిష్యుడు నాకు ఆజ్ఞ ఇవ్వటం ఇదే మొదలు. కండువా తీసి తగిలించాను. మా ఇద్దరికీ కళ్ళద్దాలు ఇచ్చాడు. నేల మీద ఒక పసుపుపచ్చ గీత ఉన్నది. ఆ గీత దాటవద్దన్నాడు.

ఇక రంపం సంగతి. రెండు పెద్ద చక్రాలు, వాటి మీద బెల్టులాగా బిగించిన ఉక్కు బ్లేడు. పొడవు దాదాపు 4 మీటర్లు, వెడల్పు 27 మిల్లీమీటర్లు, మందం 1 మిల్లీమీటరు కన్నా తక్కువ. దాని రెండు కొసలనూ కలిపి అతికించారు కనుకనే దానికి మొదలూ చివరా లేవు. ఈ అతుకే ఒకప్పుడు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఇంగ్లండులో విలియమ్ న్యూబెరీ అనే ఆయన 1808లోనే ఇటువంటి రంపానికి పేటెంటు పుచ్చుకున్నాడు. కాని చక్రాల మీద వంగి వంగి బ్లేడు అతుకు దగ్గర తెగిపోయేది. 1846లో ఫ్రాన్సు దేశంలో క్రెపాన్ అనే మహిళ అతికే పద్ధతి ఒకటి కనిపెట్టి పేటెంటు తీసుకున్నది. ఆ తరువాతనే ఈ రంపం నిజంగా పనికి వచ్చింది. ఆ రోజుల్లో అది కొయ్యను కోసేది. ఇనుము వంతు చాలా కాలానికి గాని రాలేదు.

ఇప్పటి బ్లేడులో ఇంకొక తమాషా ఉన్నది. చక్రం మీద వంగాలంటే ఉక్కు మెత్తగా సాగాలి. ఇనుమును కోయాలంటే గట్టిగా ఉండాలి. ఒకే ఉక్కు రెండూ చేయలేదు. అందుకని వీపుకు ఒక రకం ఉక్కు, పళ్ళ అంచుకు మరొక రకం గట్టి ఉక్కు పెట్టి రెంటినీ అతుకుతారు. పళ్ళను కూడా కొన్నిటిని ఎడమకూ, కొన్నిటిని కుడికీ కాస్త వంచుతారు. అప్పుడు పడే గాడి బ్లేడు మందం కన్నా వెడల్పుగా ఉండి, బ్లేడు అందులో ఇరుక్కోదు.

ఆపరేటరు 100 మిల్లీమీటర్ల లావు గల ఇనుప రాడ్డును వైసులో బిగించాడు. రాడ్డు రెండో కొస వేలాడకుండా దాని కింద రోలర్ల స్టాండు పెట్టాడు. స్విచ్చి వేశాడు. పెద్ద చప్పుడేమీ లేదు. రంపం ఉన్న చట్రం నూనె సిలిండరు ఆధారంతో మెల్లగా కిందికి దిగింది. మజ్జిగలాంటి తెల్లని ద్రవం బ్లేడు మీద పడుతున్నది. అది నూనె కలిపిన నీరు. దానిని కలిపేటప్పుడు నూనెను నీళ్ళలో పోయాలి గాని, నీళ్ళను నూనెలో పోయకూడదట.

"తాతా, ఇది తిరగటం లేదేమిటి?" అన్నాడు మా మనవడు.

నేనూ కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. వాడన్నది నిజమే. బ్లేడు ఒక వెండి రిబ్బనులాగా నిశ్చలంగా నిలబడి ఉన్నట్టే ఉన్నది. చక్రాలు మూతల వెనక ఉన్నాయి కనుక అవీ కనపడవు. కాని కింద ఇనుప రజను రాలుతూనే ఉన్నది!

కారణం లెక్కలో ఉన్నది. ఆ బ్లేడుకు అంగుళానికి 4 పళ్ళు. 4 మీటర్లంటే సుమారు 157 అంగుళాలు. మొత్తం 630 పళ్ళ దాకా అవుతాయి. బ్లేడు నిమిషానికి 60 మీటర్లు పోతున్నది, అనగా 15 చుట్లు. అట్లాగయితే ఒక చోట సెకనుకు 150కి పైగా పళ్ళు దాటిపోతాయి. కన్ను వాటిని విడివిడిగా పట్టుకోలేదు. అన్నీ కలిసి ఒక నున్నని అంచులాగా కనిపిస్తాయి.

"బాబు మంచి ప్రశ్న అడిగిండు సార్," అంటూ ఆపరేటరు తన కుడి చెయ్యి చూపించాడు. చూపుడువేలు సగమే ఉన్నది.

ఇరవై ఏళ్ళ కిందట మరొక చోట హెల్పరుగా ఉండగా జరిగిందట. ఆ రోజు పని తొందరగా ఉన్నది. చేతులకు గుడ్డ గ్లవ్సు వేసుకున్నాడు. కోత పూర్తయింది. గాడి దగ్గర రజను పేరుకున్నది. "ఆగిందనుకున్న సార్. ఆగలే." వేలితో రజను తీయబోయాడు. ఒక పన్ను గ్లవ్సు పోగును పట్టుకున్నది. ఉత్త వేలయితే గీసుకుపోయి ఊరుకునేదేమో, గుడ్డ మాత్రం వేలిని లోపలికి లాక్కుపోయింది.

కాసేపు నేనేమీ మాట్లాడలేకపోయాను. ఇతనికి చక్రాలూ కప్పీలూ నేనే చెప్పాను. నిర్వచనం సరిగా రాయలేదని మార్కులు కూడా తీసేసిన గుర్తు. తిరిగే చక్రం నిలబడినట్టు కనిపిస్తుందని మాత్రం చెప్పలేదు. నాకే తెలియదు, ఎట్లా చెప్తాను?

అయితే గ్లవ్సు వేసుకోకూడదా అని మనవడు అడిగాడు. వేసుకోవాలి, బ్లేడు మార్చేటప్పుడు. అప్పుడే ఒక బ్లేడు అరిగిపోయినందువల్ల అది ఎట్లాగో చూశాం. మెయిన్ స్విచ్చి కట్టి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఇంకొకరు వచ్చి స్విచ్చి వేసినా మిషను లేవదు," అన్నాడు. తరువాత తోలు గ్లవ్సు తొడుక్కుని బ్లేడు బిగువు సడలించి తీశాడు. కొత్త బ్లేడు మూడు చుట్లుగా మడిచి కట్టి ఉన్నది. మమ్మల్ని ఇంకా వెనక్కు జరగమని, ముఖం పక్కకు తిప్పుకుని కట్టు విప్పాడు. ఒక్క ఉదుటున అది పామువలె విచ్చుకున్నది! పళ్ళు సరైన వైపుకు ఉన్నాయో లేదో చూసి ఎక్కించి, బిగించి, మూతలు వేశాడు. గ్లవ్సు విప్పి మేకుకు తగిలించిన తరువాతనే స్విచ్చి వేశాడు.

కొత్త బ్లేడును మొదట్లో తొందరపెట్టకూడదు. పళ్ళ మొనలు మరీ పదునుగా ఉంటాయి కనుక ఒత్తిడి ఎక్కువైతే విరుగుతాయి. మొదటి కోతలు మెల్లగా కోయించాలి. పాత బ్లేడు సగం కోసిన గాడిలో కొత్త బ్లేడును దింపకూడదు, ఇరుక్కుంటుంది. పలచని గొట్టాలకు చిన్న పళ్ళ బ్లేడు వాడాలి. ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు లోహం మీద ఆని ఉండాలట. లేకపోతే బండి చక్రం గోతిలో పడ్డట్టు గొట్టం అంచు రెండు పళ్ళ నడుమ పడి పళ్ళు ఊడిపోతాయి.

నాకు బాగా నచ్చింది రజను చూసే పద్ధతి. వైద్యుడు నాడి చూసినట్టుగా ఇతను మిషను ఆపి, బ్రష్షుతో కాస్త రజను తీసి అరచేతి కాగితం మీద పోసుకుని చూస్తాడు. పొడిపొడిగా ఉంటే పళ్ళు కోయటం లేదు, ఊరికే రుద్దుకుంటున్నాయి. మందంగా, నీలంగా మాడి ఉంటే ఒత్తిడి ఎక్కువైంది. చక్కగా చుట్టలు చుట్టుకుని తెల్లగా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. మేము చూసినవి బుల్లి బుల్లి చుట్టలు.

1948లో మన దేశంలో వచ్చిన ఫాక్టరీల చట్టంలో, నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించే మనిషి ప్రత్యేకంగా శిక్షణ పొంది ఉండాలనీ, బిగుతైన దుస్తులు వేసుకోవాలనీ రాశారు. చట్టంలో దుస్తుల మాట ఎందుకా అని ఎప్పుడో చదివినప్పుడు నవ్వుకున్నాను. మేకుకు వేలాడే నా కండువాను చూస్తే ఆ రోజు నవ్వు రాలేదు.

వచ్చేటప్పుడు మా మనవడు రాడ్డు నుంచి కోసిన బిళ్ళ ఒకటి అడిగాడు. 1 సెంటీమీటరు మందం ఉన్నది. దాని అంచు కత్తిలాగా ఉంటుందని ఆపరేటరు ఆకురాయితో చుట్టూ రుద్ది మరీ ఇచ్చాడు. ఇంటికి వచ్చాక వాడు లెక్క వేసి దాని బరువు 616 గ్రాములన్నాడు. వీధి చివర కిరాణా కొట్టు త్రాసులో 620 వచ్చింది. కొట్టువాడి త్రాసే తప్పని వాడి వాదన. ఆ బిళ్ళ ఇప్పుడు నా బల్ల మీద, ఈ కాగితాలు ఫ్యాను గాలికి ఎగరకుండా కూర్చుని ఉన్నది.