దుప్పటి ఉన్నంతలో

“చాదర్ ఎంత ఉందో కాళ్ళు అంతే చాపు” అని మా అమ్మీ ఉర్దూలో మందలించేది. పొరుగింటి పిన్నిగారు అదే హితవును “దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి” అని తెలుగులో చెప్పేవారు. రెండు భాషల్లోనూ విని పెరిగిన ఆ మాట బీదవారి కోసమే పుట్టిందని చాలాకాలం అనుకున్నాను. కోట్ల డాలర్లు చేతులు మారే మంచు హాకీకి కూడా అది వర్తిస్తుందని ఇటీవలనే తెలిసింది.

అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి, అక్కడి రెడ్ వింగ్స్ జట్టు కథ చెప్పాడు. వారి హాకీ గడ్డకట్టిన మంచుపైన, బంతికి బదులు రబ్బరు బిళ్ళతో సాగుతుంది. ఒకప్పుడు ధనికమైన జట్లు పేరున్న ఆటగాళ్ళను ఎంత వెలకైనా తెచ్చుకునేవి. డెట్రాయిట్ అటువంటి జట్లలో ఒకటి. జీతాల విషయమై యజమానులకూ ఆటగాళ్ళకూ సామరస్యం కుదరక 2004-05 సీజను మొత్తం రద్దయింది. మరుసటి సీజనులో ఒక్కొక్క జట్టు జీతాలకు 3 కోట్ల 90 లక్షల డాలర్ల పరిమితి ఏర్పడింది. అందులో అయిదవ వంతుకు మించి ఏ ఒక్కరికీ ఇవ్వరాదు.

ఆట నేర్పేవాడు శిక్షకుడు. ఎవరిని తేవాలి, ఎవరికెంత ఇవ్వాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది నిర్ణయించేవాడు జనరల్ మేనేజరు. 1997 నుండి డెట్రాయిట్‌లో ఆ బాధ్యత వహించిన కెన్ హాలండ్, పరిమితి వచ్చిన తరువాత కూడా 2008లో స్టాన్లీ కప్పు గెలిచిన జట్టును నిలబెట్టాడు. దానికి విత్తనాలు చాలా ముందే పడ్డాయి. అక్కడి జట్లు యువ ఆటగాళ్ళను ఏటేటా వంతులవారీగా ఎన్నుకుంటాయి. డెట్రాయిట్ 1998లో ఎన్నుకున్న రష్యా యువకుడు పావెల్ దత్సూక్ ఆ వరుసలో 171వవాడు. 1999లో ఎన్నుకున్న స్వీడన్ యువకుడు హెన్రిక్ జెటర్‌బర్గ్ 210వవాడు. ఇద్దరూ భారీ విగ్రహులు కారు. ఇద్దరూ డెట్రాయిట్ తరఫున మంచుపై అడుగు పెట్టడానికి మూడేసి సంవత్సరాలు పట్టింది. 2008లో కప్పు కోసం జరిగిన పోటీలలో అత్యుత్తమునిగా బహుమతి పొందినవాడు ఆ 210వవాడే.

పరిమితికి కఠినమైన ముఖం కూడా ఉన్నది. 49 సంవత్సరాల తరువాత 2010లో కప్పు గెలిచిన షికాగో, ఆ వేసవిలోనే తనను గెలిపించినవారిలో పలువురిని సాగనంపవలసి వచ్చింది. గెలిచినవారి వెల పెరుగుతుంది; దుప్పటి అంత వేగంగా పెరగదు. ముఖ్యులైన కొందరిని నిలుపుకొని, తక్కిన చోట్ల కొత్తవారిని నింపుకొని, ఆ జట్టు 2013లోను, 2015లోను మళ్ళీ గెలిచింది.

ఈ కథ వింటున్నంతసేపూ ఒక కుర్రవాడు నా మనసులో మెదులుతూనే ఉన్నాడు. కొన్నేళ్ళ క్రితం కళాశాల హాకీ జట్టును ఎంపిక చేసినవారిలో నేనూ ఒకణ్ణి. క్రీడానిధి స్వల్పం, పదహారు మందికి మించి ప్రయాణపు ఖర్చు భరించలేము. మొదటి సంవత్సరం చదువుతున్న ఒక సన్నని పిల్లవాడు సొంత కర్ర పట్టుకొని వచ్చాడు. అయిదు నిమిషాలైనా ఆడనివ్వకుండా, “బక్కగా ఉన్నాడు, వద్దు” అన్నాను. నిధి లేదు గదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. మరుసటి యేడు నేనే పిలిచాను. “కర్ర మా తమ్ముడికి ఇచ్చేశాను సార్” అని నవ్వి వెళ్ళిపోయాడు.

నిధి తక్కువన్నది నిజమే. అయితే అతణ్ణి మరి పది నిమిషాలు చూడడానికి నిధితో పని లేదు. దుప్పటి పొడవు మన చేతిలో లేకపోవచ్చును. దాని క్రింద ఎవరికి చోటివ్వాలన్నది మన చేతిలోనే ఉన్నది. అందుచేత కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ఇకపై ప్రతి ఎంపికలోను ఇద్దరు మొదటి సంవత్సరపు విద్యార్థులకు చోటు ఉంచండి. వారు ఈ యేడు గెలిపించకపోవచ్చును. మూడేళ్ళు ఓపిక పట్టుదాం.