మేలుకొనుటయా, మేలుకొల్పుటయా?

నిద్రనుండి లేచుటను జెప్పుటకు ఆంగ్లమున 'వేక్', 'వేకెన్', 'అవేక్', 'అవేకెన్' అని నాలుగు క్రియలు గలవు. వీనిలో 'వేక్' ఇంటిమాట. 'అవేక్' అనునది గ్రంథములది, కవులది, ఉపన్యాసకులది. పిల్లవానిని బడికి లేపు తల్లి దానిని వాడదు. జాతి లేవవలెనని కోరు కవి వాడును. ఈ నాలుగింటికిని ఒక విచిత్రగుణము గలదు. తాను లేచుటకును, ఇతరులను లేపుటకును రూపమొక్కటియే. మన తెలుగున నట్లు గాదు. లేచు వేరు, లేపు వేరు. మేలుకొను వేరు, మేలుకొల్పు వేరు. ఎవరు లేచిరో, ఎవరు లేపిరో తేల్చి చెప్పినగాని మనకు వాక్యము సాగదు.

ఈ భేదము నాకు వ్యాకరణముచే గాక, మా యింటివలన దెలిసినది.

నేను తిరుపతిలో ఆంగ్లోపాధ్యాయుడనుగా నున్న తొలిదినములలో, ఒక స్త్రీసమాజపు సభకొఱకు రవీంద్రుని గీతాంజలిలోని సుప్రసిద్ధమైన ప్రార్థనను దెనిగింపబూనితిని. నిర్భయమైన మనస్సును, తలయెత్తిన బ్రతుకును గోరు నా గీతము ఆంగ్లమున 'అవేక్' అను మాటతోడనే ముగియును. నేను తడవుకొనక 'మేలుకొల్పుము' అని వ్రాసితిని. వంగభాష నెఱిగిన మిత్రుడొకడు చూచి, "మూలమున నట్లే యున్నది" అని మెచ్చుకొనెను. 1901లో వెలువడిన 'నైవేద్య'మందలి మూలమున, తండ్రియైన దేవుడు దయమాలి తన చేతితోనే కొట్టి భారతమును మేలుకొల్పవలెనని కవి వేడినాడు. 1912 నాటి ఆంగ్ల గీతాంజలిలో నా దెబ్బ కానరాదు. అచట దేశము తానే మేలుకొనుటకు దేవుడు సమ్మతింపవలెనని మాత్రమే ప్రార్థన. అనువదించినవాడు కవియే గనుక ఇది పొరపాటని యనుటకు వీలులేదు.

అదే కవి మఱియొకచోట నిందుకు విపరీతముగ జేసినాడు. 1919లో ఆయన చిత్తూరు జిల్లా మదనపల్లెకు వచ్చి, అచటి దివ్యజ్ఞాన కళాశాలలో నుండి, 'జనగణమన'ను 'భారత ప్రభాతగీత'మను పేర ఆంగ్లీకరించెను. ఐరిష్ కవియగు జేమ్స్ కజిన్స్ ఆ కళాశాల కధ్యక్షుడు. ఆయన భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరములు గూర్చినది. 1917లో అడయారున భారత మహిళా సంఘమును నెలకొల్పినవారిలో నామె యొకతె. ఆ పాట వంగమూలమున దేశభాగములు దేవుని శుభనామమున తామే మేలుకొనును. మదనపల్లె ప్రతిలోనో, ఆ నామమే వాని హృదయములను మేలుకొల్పును. ఒకే చేయి, రెండు భాషలు. ఒకచోట లేపుట లేచుటయైనది, వేఱొకచోట లేచుట లేపబడుటయైనది!

సభకు ముందునాటి యుదయమున నా యుపన్యాసమును ఇంటిలో బిగ్గఱగ జదువుకొనుచుంటిని. 'అజ్ఞాననిద్రలో మునిగియున్న స్త్రీలను మేలుకొల్పవలెను' అని యందొక వాక్యము. పొయ్యియొద్ద గూర్చున్న మా యమ్మ విని, "ఈ యింట్లో అందరికంటే ముందు లేచేది నేనే గదా నాయనా, నన్నెవరు లేపినారు?" అనెను. నేను నవ్వి యూరకుంటిని. ఆమె నవ్వలేదు.

ఆ మధ్యాహ్నము ఏదియో వెదకుచు బియ్యపు డబ్బా వెనుక చేయిపెట్టితిని. నా చిన్ననాటి మొదటి వాచకమును, ఒక పలకముక్కయు చేతికి దగిలెను. పలకమీద గుణింతములు. గుడిలో సుప్రభాతము వినబడక మునుపే లేచి, పొయ్యి రాజేయుటకు ముందున్న కొంచెపు కాలములో, మేమందఱము నిద్రించుచుండగా, మా యమ్మ తనంతట చదువు నేర్చుకొనుచున్నది. ఊరి పిల్లలకు పరభాష నేర్పు నేను, 'అమ్మా, నీకు చదువవలెనని యున్నదా?' అని యొక్కనాడైన నడిగి యెఱుగను. ఆ యింట నిద్రించుచున్నవారెవరో నాకప్పుడు బోధపడెను.

అట్లని, మేలుకొల్పుట వ్యర్థమని నే ననను. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులు తిరుప్పావై వినిపింతురు. అందు గోదాదేవి చెలికత్తెల నొక్కొక్కరినే పిలిచి లేపును. పిదప నందఱును గూడి స్వామిని లేపుదురు. కాని పిలుచు నామెను ఎవరును లేపలేదు. ముందు తాను మేలుకొన్నది గనుకనే ఆమె పిలుపునకు అధికారము గలిగెను. మఱి నావంటి సంస్కర్త చేయదగినదేమి? లేచినవారికి దీపము, పుస్తకము, ఒక గంట తీరిక. మా యమ్మకు లేనివి యవియే గాని మెలకువ గాదు.

ఆ రాత్రి 'మేలుకొల్పుము' అను మాటను గొట్టివేసి, 'మేలుకొననిమ్ము' అని దిద్దితిని. ఉపన్యాసములోని యా వాక్యమునుగూడ దీసివేసితిని. దీపమును దగ్గఱకు జరిపి, అనువాదపు కాగితమును మా యమ్మ చేతికిచ్చితిని. ఆమె వ్రేలితో నొక్కొక్క యక్షరమునే యంటుచు చదువసాగెను. 'స్వాతంత్ర్యము' అను మాటలోని సంయుక్తాక్షరముకడ ఆగిపోయెను. నేను చెప్పబోయి నోరు తెఱచితిని. ఆమె చేయెత్తి వారించినది. కొంతసే పట్లే చూచి, తానే కూడబలుకుకొని చదివినది.